ఒకే గొడుగు కిందకు ఫ్యామిలీ డాక్టర్ల శిక్షణ

అమెరికాలో డాక్టరుగా స్థిరపడాలంటే మెడికల్ కాలేజీ పట్టా ఒక్కటే సరిపోదు. ఏదో ఒక ఆసుపత్రిలో రెసిడెంటుగా చేరాలి. జీతం తీసుకుంటూ, సీనియర్ డాక్టర్ల కనుసన్నల్లో రోగులను చూస్తూ కొన్నేళ్లు పని నేర్చుకోవాలి. ఫ్యామిలీ మెడిసిన్‌లో ఆ శిక్షణ మూడేళ్లు. మన దగ్గర పీజీ చేయడం లాంటిదే. ఆ మూడేళ్లు ఎక్కడ చేశారు, ఆ శిక్షణకు ఎవరి గుర్తింపు ఉంది అన్నదాని మీదే తర్వాతి బోర్డు పరీక్ష, ఉద్యోగం, పైశిక్షణ ఆధారపడి ఉంటాయి.

2020 దాకా ఆ దేశంలో ఈ గుర్తింపు ఇచ్చే సంస్థలు రెండు. ఒకటి ఏసీజీఎంఈ. ఎండీ పట్టా చదివిన వాళ్లు శిక్షణ పొందే కార్యక్రమాలు దాని కింద ఉండేవి. రెండోది అమెరికన్ ఆస్టియోపతిక్ అసోసియేషన్, పొట్టిగా ఏఓఏ. డీఓ పట్టా చదివిన వాళ్ల కోసం నడిచే కార్యక్రమాలను అది చూసుకునేది. 2015 జులై 1న మొదలైన అయిదేళ్ల గడువు 2020 జూన్ 30న ముగిసేసరికి ఏఓఏ ఈ బాధ్యత నుంచి తప్పుకుంది. దాని కింద ఉన్న శిక్షణ కార్యక్రమాలు ఏసీజీఎంఈ గుర్తింపయినా తెచ్చుకోవాల్సి వచ్చింది, మూతయినా పడాల్సి వచ్చింది. డీఓల్లో చాలామంది ప్రాథమిక వైద్యం వైపే వెళతారు కాబట్టి ఈ మార్పు తాకిడి ఫ్యామిలీ మెడిసిన్ మీద గట్టిగానే పడింది.

పైకి ఇది రెండు కార్యాలయాల మధ్య కాగితాల వ్యవహారంలా కనిపిస్తుంది. లోపలికి వెళితే చిన్న ఊళ్లకు డాక్టర్లు ఎక్కడి నుంచి వస్తారు, వాళ్ల చదువుకు డబ్బు ఎవరు పెడతారు, ఆసుపత్రి చేతులు మారినప్పుడు రోగికి, విద్యార్థికి ఏమవుతుంది అన్న ప్రశ్నలన్నీ ఇందులోనే ఉన్నాయి.

ఎండీ ఎవరు, డీఓ ఎవరు

డీఓ అంటే డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్. మన ఊళ్లలో పాత బోర్డుల మీద కనిపించే డీఓ కంటి వైద్యంలో డిప్లొమా. దానికీ దీనికీ సంబంధం లేదు. యూరప్‌లో ఆస్టియోపాత్‌లు అని పిలిచేవాళ్లు కూడా వేరు. వాళ్లు మందులు రాసే డాక్టర్లు కారు. అమెరికా డీఓలకు మాత్రం యాభై రాష్ట్రాల్లోనూ ఎండీలతో సమానంగా మందులు రాసే, ఆపరేషన్ చేసే హక్కు ఉంది.

ఈ శాఖకు మూలపురుషుడు ఆండ్రూ టేలర్ స్టిల్. 1864లో మెనింజైటిస్ ఆయన పిల్లల్లో ముగ్గురిని పొట్టన పెట్టుకుంది. పాదరసం కలిసిన మందులు, రక్తం తీయడం లాంటివే వైద్యంగా చలామణీ అయిన కాలం అది. ఆ పద్ధతుల మీద నమ్మకం పోయిన స్టిల్, ఎముకలు, కండరాలు, రక్తప్రసరణ సరిగా ఉంటే ఒళ్లు తనను తానే బాగు చేసుకుంటుందన్న సిద్ధాంతాన్ని 1874లో ప్రకటించాడు. 1892లో మిస్సోరి రాష్ట్రంలోని కిర్క్స్‌విల్‌లో బడి పెట్టాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఆస్టియోపతిక్ కాలేజీలు ఫార్మకాలజీ, సర్జరీ, మిగతా ఆధునిక వైద్యం మొత్తాన్నీ చేర్చుకున్నాయి. ఇప్పుడు ఎండీ విద్యార్థి చదివేదంతా డీఓ విద్యార్థీ చదువుతాడు. అది కాక, చేతులతో కీళ్లు, కండరాలు సరిచేసే ఓఎంటీ అనే చికిత్సను సుమారు 200 గంటలు అదనంగా నేర్చుకుంటాడు. నేడు అమెరికా వైద్య విద్యార్థుల్లో దాదాపు నలుగురిలో ఒకరు డీఓ కాలేజీలోనే చదువుతున్నారు.

చదువు దగ్గరపడినా పలకరింపులు మాత్రం చాలాకాలం లేవు. డీఓలతో కలిసి పనిచేయడం వృత్తి ధర్మానికి విరుద్ధమని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1961 దాకా చెబుతూ వచ్చింది. ఎండీల ఆసుపత్రుల్లో చోటు దొరకని డీఓలు మిషిగన్, ఒహాయో, పెన్సిల్వేనియా, మిస్సోరి వంటి రాష్ట్రాల్లో సొంత ఆసుపత్రులు కట్టుకున్నారు. వాటిలో చాలావరకు చిన్నవి. వాటిలోనే సొంత ఇంటర్న్‌షిప్‌లు, రెసిడెన్సీలు పెట్టుకున్నారు. రెండు గుర్తింపు వ్యవస్థలకు పునాది అక్కడే పడింది.

ఫ్యామిలీ మెడిసిన్ స్పెషాలిటీగా నిలబడింది కూడా ఆ రోజుల్లోనే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డాక్టర్లందరూ గుండె, మెదడు, ఎముకలు అంటూ ఒక్కో భాగం పంచుకుని వెళ్లిపోతుంటే, మనిషి మొత్తాన్ని చూసే డాక్టరు కరవయ్యాడు. 1966లో వెలువడిన నివేదికలు ఆ లోటును ఎత్తిచూపాయి. 1969 ఫిబ్రవరిలో ఫ్యామిలీ ప్రాక్టీసును 20వ స్పెషాలిటీగా గుర్తించారు. పసిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు అన్న తేడా లేకుండా ఒక కుటుంబాన్ని ఏళ్ల తరబడి చూసుకునే డాక్టరుకు కూడా మూడేళ్ల ప్రత్యేక శిక్షణ కావాలని ఒప్పుకోవడం అప్పటికి పెద్ద మలుపు.

కాలిఫోర్నియా చేదు అనుభవం

రెండు గుర్తింపు వ్యవస్థలను కలిపిన 2014 ఒప్పందంలో డీఓలు అంత జాగ్రత్తగా ఎందుకు అడుగులు వేశారో తెలియాలంటే 1960ల నాటి కాలిఫోర్నియా చూడాలి. ఆ రాష్ట్రంలోని ఎండీల సంఘం, డీఓల సంఘం కలిసిపోవాలని నిర్ణయించుకున్నాయి. లాస్ ఏంజెలిస్‌లో ఉన్న ఆస్టియోపతిక్ కాలేజీ ఎండీ కాలేజీగా మారింది. తర్వాతి రోజుల్లో అదే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ వైద్య కళాశాల అయింది. సుమారు రెండు వేల మంది డీఓలు 65 డాలర్ల రుసుము కట్టి, ఒక చిన్న సెమినారుకు హాజరై ఎండీ పట్టా పుచ్చుకున్నారు. 1962లో ఓటర్లు ఆమోదించిన చట్టంతో ఆ రాష్ట్రంలో కొత్త డీఓలకు లైసెన్సులు ఇవ్వడమే ఆగిపోయింది.

అంటే జరిగింది కలయిక కాదు, కలిపేసుకోవడం. ఆ చట్టం చెల్లదనీ, డీఓలకు మళ్లీ లైసెన్సులు ఇవ్వాలనీ 1974లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటి నుంచి విలీనం అనగానే డీఓ వర్గం ఉలిక్కిపడుతుంది. అయితే ఈ ఉదంతం ఇంకో నిజాన్ని కూడా బయటపెట్టింది. ఒక్క సెమినారుతో ఎండీగా మారగలిగారంటే, రెండు చదువుల మధ్య ఉన్న తేడా వాదించినంత పెద్దది కాదని అందరికీ అర్థమైంది. వియత్నాం యుద్ధ కాలంలో, 1966లో, రక్షణ శాఖ డీఓలను ఎండీలతో సమానంగా సైనిక వైద్య సేవలోకి తీసుకోవడానికి ఒప్పుకుంది. 1960ల చివరికల్లా అమెరికన్ మెడికల్ అసోసియేషన్ కూడా వాళ్లకు తలుపులు తెరిచింది.

ఒప్పందం ఎలా కుదిరింది

ఆ తలుపు తెరుచుకున్నాక డీఓ పట్టభద్రులు క్రమంగా ఎండీ వైపు రెసిడెన్సీల్లో చేరడం మొదలుపెట్టారు. 2010 దాటేసరికి వాళ్లలో సగానికి పైగా శిక్షణ పొందుతున్నది ఏసీజీఎంఈ కార్యక్రమాల్లోనే. ఫ్యామిలీ మెడిసిన్‌లో అయితే ఒకే కార్యక్రమం రెండు సంస్థల గుర్తింపూ పెట్టుకుని, రెండింటికీ ఫీజులు కట్టి, రెండు రకాల తనిఖీలకు సిద్ధపడిన సందర్భాలు చాలానే ఉన్నాయి.

ఆ దశలో ఏసీజీఎంఈ ఒక కొత్త నియమం ప్రతిపాదించింది. ఫెలోషిప్ అనే పైశిక్షణలో చేరాలంటే అంతకు ముందు చేసిన రెసిడెన్సీకి తమ గుర్తింపు ఉండాలన్నది దాని సారాంశం. అదే అమలైతే ఏఓఏ రెసిడెన్సీ చేసినవాళ్లకు పైమెట్టు ఎక్కే దారి మూసుకుపోతుంది. దాంతో రెండు వర్గాలూ బల్ల దగ్గర కూర్చోక తప్పలేదు. 2012లో చర్చలు మొదలయ్యాయి. 2013లో తెగిపోయాయి. 2014 ఫిబ్రవరిలో ఒప్పందం ప్రకటించారు. ఆస్టియోపతిక్ కాలేజీల సంఘం మూడో భాగస్వామిగా చేరింది.

కాలిఫోర్నియా అనుభవం ఆ ఒప్పందంలో కనిపిస్తుంది. డీఓ పట్టా అలాగే ఉంటుంది. ఏసీజీఎంఈ పాలక మండలిలో ఆస్టియోపతిక్ వర్గానికి స్థానాలు దక్కాయి. ఏ కార్యక్రమమైనా కోరుకుంటే ఆస్టియోపతిక్ రికగ్నిషన్ అనే అదనపు ముద్ర తెచ్చుకోవచ్చు. అందుకు ఓఎంటీ నేర్పే ఏర్పాటు, దానికి బాధ్యుడైన ఒక అధ్యాపకుడు ఉండాలి. తగిన ముందస్తు శిక్షణ ఉంటే ఎండీలు కూడా అందులో చేరవచ్చు. ఇంతకు ముందు ఏఓఏ రెసిడెన్సీలు డీఓలకు మాత్రమే. ఇప్పుడు తలుపు రెండు వైపులా తెరుచుకుంది.

విద్యార్థులకు వెంటనే తెలిసొచ్చిన మార్పు సీట్ల కేటాయింపులో. అమెరికాలో రెసిడెన్సీ సీట్లను మ్యాచ్ అనే పద్ధతిలో ఇస్తారు. విద్యార్థి తనకు నచ్చిన ఆసుపత్రుల వరుస రాస్తాడు, ఆసుపత్రులు తమకు నచ్చిన విద్యార్థుల వరుస రాస్తాయి, కంప్యూటరు రెండింటినీ జత చేస్తుంది. ఈ జత చేసే లెక్కను 1990ల చివర్లో సంస్కరించిన ఆల్విన్ రాత్‌కు 2012లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ దక్కింది. విలీనానికి ముందు డీఓల మ్యాచ్ ఫిబ్రవరిలో, పెద్ద మ్యాచ్ మార్చిలో జరిగేవి. ఫిబ్రవరిలో సీటు వచ్చిన డీఓ విద్యార్థి పేరు మార్చి జాబితా నుంచి తీసేసేవారు. అంటే, చేతికొచ్చిన చిన్న సీటుతో సరిపెట్టుకోవాలా, దాన్ని వదులుకుని పెద్దదాని కోసం పందెం కాయాలా అన్నది ముందే తేల్చుకోవాలి. భార్య డీఓ, భర్త ఎండీ అయి, ఆమె ఏఓఏ సీటు కోరుకుంటే ఇద్దరూ ఒకే ఊళ్లో సీట్లు కావాలని జంటగా అడగడానికి వీలుండేది కాదు. 2019 ఫిబ్రవరి డీఓల విడి మ్యాచ్‌కు ఆఖరు. 2020 మార్చి నుంచి అందరికీ ఒకటే.

ఫ్యామిలీ మెడిసిన్ శిక్షణ నడిచేది క్లినిక్కులో

రెండు ఫ్యామిలీ మెడిసిన్ కార్యక్రమాలను కలపడం, రెండు సర్జరీ కార్యక్రమాలను కలపడం ఒకటి కాదు. ఎందుకో తెలియాలంటే ఒక రెసిడెంటు మధ్యాహ్నం ఎలా గడుస్తుందో చూడాలి.

రెండో ఏడాది రెసిడెంటు ఒంటిగంటకు క్లినిక్కుకు వస్తుంది. ఆ పూట జాబితాలో షుగరు అదుపులో లేని ట్రక్కు డ్రైవరు ఉన్నాడు. రెండు నెలల పాపకు టీకాలు వేయించాలి. ఆ పాప తల్లికి కాన్పు తర్వాత నిద్ర పట్టడం లేదు, ఏడుపు ఆగడం లేదు. ఏడో నెల గర్భిణి ఉంది. నడుం నొప్పితో మూడోసారి వచ్చిన గోదాము కార్మికుడు ఉన్నాడు. ఒక్కొక్కరిని చూశాక ఆమె గదిలోంచి బయటికొచ్చి, పక్క గదిలో కూర్చున్న సీనియర్ డాక్టరుకు కేసు వివరిస్తుంది. ఆయన్ను ప్రిసెప్టర్ అంటారు. ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ నియమం ప్రకారం, ప్రాథమిక వైద్యంలో ఉన్న ఒక మినహాయింపు కింద, మొదటి ఆరు నెలలు దాటిన రెసిడెంట్లను ఒక ప్రిసెప్టర్ ఒక్కసారికి నలుగురి దాకా చూసుకోవచ్చు. కేసు మామూలుదైతే ఆయన రోగి గదిలోకి వెళ్లకుండానే చర్చించి, సరిచూసి ఒప్పుకోవచ్చు. కేసు చిక్కుదైతే ఆయనే లేచి వెళతాడు.

నడుం నొప్పి కార్మికుడి దగ్గర రెండు సంప్రదాయాల తేడా కనిపిస్తుంది. ఓఎంటీ నేర్పే క్లినిక్కులో ప్రిసెప్టర్ కూడా గదిలోకి వచ్చి, రోగిని బల్ల మీద పడుకోబెట్టి, ఎక్కడ బిగుసుకుందో రెసిడెంటు చేతికి తెలిసేలా చూపిస్తాడు. ఆ ఏర్పాటు లేని చోట మాత్ర, వ్యాయామం, ఫిజియోథెరపీ చీటీతో పని ముగుస్తుంది. రెండు కార్యక్రమాలు కలిసి, ఓఎంటీ తెలిసిన అధ్యాపకుడు ఉద్యోగం మానేస్తే, ముద్ర కాగితం మీద ఉన్నా ఆ చికిత్స నేర్పే చెయ్యి ఉండదు.

రోగులతో ఏళ్ల తరబడి సాగే బంధం ఇంకో ముఖ్యమైన సంగతి. ఒక్కో రెసిడెంటుకు కొన్ని కుటుంబాలను అప్పగిస్తారు. మూడేళ్లూ వాళ్లకు ఆమే డాక్టరు. తను ప్రసవం చేసిన బిడ్డకు తనే మొదటి టీకా వేస్తుంది, తను మందు మొదలుపెట్టిన బీపీ రోగి ఏడాది తర్వాత ఎలా ఉన్నాడో తనే చూస్తుంది. మూడేళ్లలో కనీసం 1,650 సార్లు రోగులను చూడాలన్న పాత నియమాన్ని 2023 జులైలో మార్చి, తన క్లినిక్కు రోగుల సేవలో కనీసం 1,000 గంటలు గడపాలన్నారు. లెక్క ఎలా పెట్టినా ఉద్దేశం మాత్రం అదే. కార్యక్రమం మధ్యలో క్లినిక్కు మారితే ఈ బంధాలు తెగిపోతాయి. గుండె ఆపరేషన్ నేర్చుకునేవాడు ఆసుపత్రి మారినా గుండె గుండే. ఫ్యామిలీ డాక్టరుకు మాత్రం ఊరు మారితే పాఠమే మారిపోతుంది.

కొలబద్ద ఒకటే అయినప్పుడు

ఒకే గుర్తింపు అంటే ఒకే కొలబద్ద. ఏడాదికి సాధారణంగా కనీసం నలుగురు రెసిడెంట్లు ఉండాలి. అంతమందికి తగ్గ అధ్యాపకులు, రోగుల పనితో సంబంధం లేకుండా బోధనకే కేటాయించిన సమయం, పరిశోధన, నాణ్యత మెరుగుదల పనులు ఉండాలి. పిల్లల వార్డు, ప్రసూతి, ఎమర్జెన్సీల్లో సరిపడా కేసులు ఉండాలి. సగటున వారానికి 80 గంటలకు మించి పని చేయించకూడదు. వీటిలో ఏదీ అనవసరం అనడానికి లేదు. బలహీనమైన శిక్షణ పొందిన డాక్టరు చేతిలో పడేది రోగే కదా.

చిక్కంతా చిన్న ఆసుపత్రులకు వచ్చింది. ఏడాదికి ఇద్దరు రెసిడెంట్లు, వాళ్లకు పాఠాలు చెప్పే ఇద్దరు ముగ్గురు ఊరి డాక్టర్లు, పురుళ్ల సంఖ్య అంతంత మాత్రం. ఇలాంటి చోట్ల ఏఓఏ పద్ధతిలో బండి నడిచింది. కొత్త కొలబద్దకు తూగాలంటే అధ్యాపకులను పెంచాలి, తనిఖీలకు దస్త్రాలు తయారు చేయాలి, అదంతా చూసుకునే ఉద్యోగిని పెట్టుకోవాలి. దరఖాస్తు చేసిన వెంటనే తాత్కాలిక హోదా దొరికేది, తనిఖీ అయ్యాక లోపాల జాబితా వచ్చేది, వాటిని సరిదిద్దుకుని అసలు గుర్తింపు తెచ్చుకోవాలి. కొన్ని కార్యక్రమాలు ఆ ఒత్తిడితోనే నిజంగా బాగుపడ్డాయి. కొన్ని పొరుగు కార్యక్రమంతో కలిసిపోయాయి. కొన్ని ఆ ఖర్చు భరించలేక దరఖాస్తే చేయకుండా తలుపులు మూసుకున్నాయి.

మూతపడిన చోటు చిన్న ఊరైతే నష్టం ఆసుపత్రితో ఆగదు. ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెన్సీ పూర్తిచేసినవాళ్లలో సగానికి పైగా, తాము శిక్షణ పొందిన చోటికి వంద మైళ్ల లోపే ప్రాక్టీసు పెడతారని అమెరికా అధ్యయనాలు తేల్చాయి. అక్కడ ఇల్లు కొనుక్కుంటారు, పిల్లలను బడిలో వేస్తారు, పక్కనున్న స్పెషలిస్టులతో పరిచయాలు పెరుగుతాయి. కాబట్టి రెసిడెన్సీ ఉన్న ఊరికి రేపటి డాక్టరు తనంతట తానే దొరుకుతాడు. రెసిడెన్సీ ఎత్తేసిన ఊరు ఎంత జీతం చూపినా వెతుక్కోవాల్సిందే. చిన్న కార్యక్రమం నాణ్యత పెంచుదామని తెచ్చిన నియమం ఆ కార్యక్రమాన్నే ఎత్తేస్తే, కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లే.

దీనికి ఒక మధ్యేమార్గం ముందు నుంచీ ఉంది. మొదటి ఏడాది పెద్ద ఊళ్లోని ఆసుపత్రిలో, మిగతా రెండేళ్లు పల్లెటూరి క్లినిక్కులో గడిపే రూరల్ ట్రాక్ పద్ధతి అది. వాషింగ్టన్ రాష్ట్రంలో స్పోకేన్ నగరం, కాల్విల్ అనే చిన్న పట్నం కలిసి 1980ల మధ్యలో ఈ బాట వేశాయి. పురుళ్లు, ఐసీయూ, పిల్లల వార్డు అనుభవం నగరంలో దొరుకుతుంది. ఊరితో బంధం పల్లెలో కుదురుతుంది. ఇలాంటి చోట్ల రెసిడెంట్ల కనీస సంఖ్య నియమంలో సడలింపు ఉంది. చిన్న కార్యక్రమాన్ని పెద్దదానిలో కరిగించేయకుండా కొమ్మగా నిలబెట్టడం ఇందులో ఉన్న మేలు.

రెండు ఆసుపత్రులు కలిసినప్పుడు

ఇప్పటిదాకా చెప్పుకున్నది జాతీయ స్థాయి విలీనం. ఒకే ఊళ్లో రెండు ఆసుపత్రులను ఒక యాజమాన్యం కొన్నప్పుడు జరిగే విలీనం ఇంకొకటుంది. ఇలాంటివి అమెరికాలో మామూలైపోయాయి. రెండింటిలోనూ ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెన్సీ ఉంటే, రెండెందుకన్న మాట యాజమాన్యం నోట వస్తుంది. కాగితం మీద సాధారణంగా ఒక కార్యక్రమం తన గుర్తింపును తానే వదులుకుంటుంది, రెండోది ఆ మేరకు సీట్ల పెంపు అడుగుతుంది.

ఈ నిర్ణయాల వెనక డబ్బు లెక్క ఉంటుంది. రెసిడెంట్ల శిక్షణ ఖర్చులో పెద్ద వాటా మెడికేర్ నుంచి ఆసుపత్రికి వస్తుంది. 1997లో వచ్చిన బడ్జెట్ చట్టం, 1996లో ఒక్కో ఆసుపత్రిలో ఎందరు రెసిడెంట్లు ఉన్నారో అంతమందికే డబ్బిస్తామని పరిమితి పెట్టింది. ఆ తర్వాత కొన్ని సవరణలు వచ్చాయి. 2020 చివర్లో 1,000, రెండేళ్ల తర్వాత మరో 200 సీట్లు దేశం మొత్తానికి కలిపారు. అంతకు ముందు రెసిడెంట్లే లేని ఆసుపత్రి కొత్తగా మొదలుపెడితే పరిమితి ఏర్పరచుకోవడానికి గడువిస్తారు. అయినా పాత పరిమితి చాలా చోట్ల అలాగే ఉంది. రెండు ఆసుపత్రులు ఒకటైతే రెండు పరిమితులూ కలుస్తాయి. అలా కలిసిన సీట్లను ఫ్యామిలీ మెడిసిన్‌కే ఇవ్వాలన్న నియమం ఏదీ లేదు. ఎక్కువ రాబడి తెచ్చే స్పెషాలిటీకి మళ్లించినా అడ్డుకునేవాళ్లు ఉండరు. అందుకే విలీనం ప్రకటన వచ్చినప్పుడు మొత్తం సీట్లు తగ్గలేదన్న మాటతో తృప్తిపడకూడదు. ఫ్యామిలీ మెడిసిన్ సీట్లు ఎన్ని మిగిలాయో అడగాలి.

ఈ సీట్లకు ఉన్న విలువ ఎంతో 2019లో ఫిలడెల్ఫియాలో బయటపడింది. అక్కడి హానిమన్ ఆసుపత్రి దివాలా తీసి మూతపడింది. 500 మందికి పైగా రెసిడెంట్లు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. వాళ్లకు వేరే చోట్ల సీట్లు వెతకడం ఒక వైపు జరుగుతుంటే, ఆసుపత్రి యాజమాన్యం రెసిడెన్సీ సీట్లను ఆస్తిగా చూపించి దివాలా కోర్టులో వేలానికి పెట్టింది. ఆ ప్రాంతపు ఆసుపత్రుల బృందం ఒకటి 5.5 కోట్ల డాలర్లకు పాట పాడింది. ఇది సర్కారు సొమ్ముతో నడిచే శిక్షణ, అమ్ముకునే సరుకు కాదని ప్రభుత్వం అడ్డుతగిలింది. చివరికి ఆ బేరం కుదరలేదు. కార్యక్రమం మూసేటప్పుడు రెసిడెంట్లకు ముందుగా చెప్పాలనీ, ఉన్నచోటే పూర్తిచేయనివ్వాలనీ, లేదా వేరే చోట చేర్పించడానికి సాయపడాలనీ ఏసీజీఎంఈ నియమాలు చెబుతాయి. దివాలా తీసిన యాజమాన్యం ముందు ఆ నియమాలకు ఎంత బలం ఉంటుందో హానిమన్ చూపించింది.

మనవాళ్లకు ఇందులో ఏముంది

ఉస్మానియా, ఆంధ్ర, గుంటూరు, గాంధీ, రంగరాయ లాంటి కళాశాలల నుంచి అమెరికా వెళ్లే తెలుగు వైద్యుల్లో ఫ్యామిలీ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్ వైపు వెళ్లేవాళ్లు ఎక్కువ. విదేశీ పట్టభద్రులకు ఈ రెండు శాఖల్లో సీటు దొరికే అవకాశం మిగతా వాటికన్నా మెరుగు. ఏఓఏ రెసిడెన్సీలకు ఒకప్పుడు వీళ్లు దరఖాస్తే చేయలేకపోయేవారు. ఇప్పుడు ఆ అడ్డు లేదు. అయితే పోటీ కూడా పెరిగింది. ఇంతకు ముందు విడి మ్యాచ్‌లో సర్దుకునే డీఓ విద్యార్థులు కూడా ఇప్పుడు అదే వరుసలో నిలబడుతున్నారు. అక్కడ పుట్టిపెరిగిన తెలుగు పిల్లలు డీఓ కాలేజీలో చేరితే, అది ఎండీతో సమానమేనా అని బంధువులు అడుగుతుంటారు. లైసెన్సులో సమానమే, 2020 నుంచి రెసిడెన్సీ గుర్తింపులోనూ సమానమే అని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

జే-1 వీసా మీద ఉన్నవాళ్లకు మాత్రం విలీనాలు, మూసివేతలు అదనపు గుబులు. వాళ్ల వీసా శిక్షణ కార్యక్రమంతో ముడిపడి ఉంటుంది. కార్యక్రమం పోతే కొత్త సీటుతో పాటు దేశంలో ఉండే అనుమతినీ కాపాడుకోవాలి. శిక్షణ అయ్యాక రెండేళ్లు స్వదేశానికి వెళ్లాలన్న షరతు తప్పించుకోవడానికి, డాక్టర్లు కరవైన ప్రాంతంలో మూడేళ్లు పనిచేసే మినహాయింపు 1994 నుంచి ఉంది. రాష్ట్రానికి ఏడాదికి 30 మందికి ఆ అవకాశం. అమెరికా మారుమూల పట్నాల్లో తెలుగు డాక్టరు ఎదురవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

మన దేశంలోనూ ఇలాంటి జంట వ్యవస్థ ఉంది. విశ్వవిద్యాలయాలు ఇచ్చే ఎండీ ఒక దారి, 1975లో మొదలైన నేషనల్ బోర్డు ఇచ్చే డీఎన్‌బీ మరో దారి. రెండూ సమానమా కాదా అన్న తగవు ఏళ్ల తరబడి సాగింది. ప్రవేశ పరీక్ష నీట్-పీజీ మాత్రం ఇప్పుడు రెండింటికీ ఒకటే. కోళికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎండీ ఫ్యామిలీ మెడిసిన్ మొదలై దశాబ్దం దాటినా దేశంలో ఆ సీట్లు ఇప్పటికీ వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. డీఎన్‌బీ కింద నడిచే సీట్లే ఆధారం. రేపు ఎవరైనా ఈ రెండింటినీ ఒకే కొలబద్ద కిందకు తేవాలనుకుంటే, అమెరికాలో చిన్న ఆసుపత్రులకు ఏమైందో ముందు చదువుకోవడం మంచిది.

తూచి చూస్తే

విలీనం పూర్తయిందని కూడా అనలేం. రెసిడెన్సీ గుర్తింపు ఒకటైనా పట్టాలు రెండు, లైసెన్సు పరీక్షలు రెండు, బోర్డులు రెండు అలాగే ఉన్నాయి. డీఓ విద్యార్థులు చాలామంది తమ కామ్‌లెక్స్ పరీక్షతో పాటు ఎండీల యూఎస్ఎంఎల్ఈ కూడా రాస్తున్నారు. కొన్ని రెసిడెన్సీలు ఆ రెండో పరీక్ష మార్కులే చూస్తాయన్న భయం దానికి కారణం. రెండు పరీక్షల ఫీజులు, రెండు పరీక్షల చదువు. గేటు ఒకటే అయినా దాని ముందు ఉన్న వరుసలు ఇంకా రెండే.

అయినా మొత్తం మీద ఈ అడుగు సరైనదే. ఒకే రోగిని, ఒకే మందులతో, ఒకే చట్టం కింద చూసే ఇద్దరు డాక్టర్ల శిక్షణకు రెండు కొలబద్దలు ఉండటానికి సమర్థన లేదు. మ్యాచ్ ఒకటి కావడం విద్యార్థులకు నిజమైన మేలు. డీఓ సంప్రదాయానికి కాలిఫోర్నియాలో దక్కని చోటు ఈసారి దక్కింది. ఆ చోటు నిలుస్తుందా లేదా అన్నది క్లినిక్కుల్లో ఓఎంటీ నేర్పే అధ్యాపకులు మిగులుతారా లేదా అన్నదాని మీద ఉంది.

లోపం కొలబద్దలో లేదు, దానికి తూగడానికి చిన్న ఆసుపత్రికి చేయూత ఇవ్వకపోవడంలో ఉంది. నియమం పెట్టేది ఒక సంస్థ, డబ్బిచ్చేది మరో సంస్థ, ఊరి బాగోగులు రెండింటి లెక్కల్లోనూ ఉండవు. ప్రమాణం పెంచేటప్పుడే అధ్యాపకుల జీతాలకు, రూరల్ ట్రాక్‌లకు నిధులు జత చేయాలి. ఆసుపత్రులు కలిసినప్పుడు ఫ్యామిలీ మెడిసిన్ సీట్లు ఆ శాఖకే, ఆ ప్రాంతానికే మిగిలేలా షరతు పెట్టాలి.

ఈ శిక్షణకు దరఖాస్తు చేసే విద్యార్థులకు ఒక సలహా. ఇంటర్వ్యూలో కార్యక్రమం పేరు, భవనం చూసి మురిసిపోకండి. గడచిన రెండు మూడేళ్లలో యాజమాన్యం మారిందా, పొరుగు కార్యక్రమంతో కలిపే ఆలోచన ఉందా, మీకు అప్పగించే కుటుంబాలు మూడేళ్లూ మీతోనే ఉంటాయా, మూసేయాల్సి వస్తే మీ సీటు, వీసా, బీమా సంగతి ఎవరు చూస్తారు అని నేరుగా అడగండి. జవాబు ఇవ్వడానికి తటపటాయించే చోటును మీ మ్యాచ్ వరుసలో కిందికి జరపండి.